నాది కాని జవాబు

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరంలో మా ప్రొఫెసర్ ఒకరోజు పాఠం పక్కన పెట్టి, గవర్నమెంటు ఉద్యోగం కావాలనుకునేవాళ్లు చేతులెత్తమన్నారు. తిరుపతిలో ఏ క్లాసులో అడిగినా అంతే, సగానికి పైగా చేతులు లేచాయి. ఆయన అక్కడితో ఆగకుండా ఒక్కొక్కరినీ ఎందుకో చెప్పమన్నారు. ఒకరు ఉద్యోగం ఊడదన్నారు, ఒకరు సెలవులన్నారు, ఒకడు పెళ్లి సంబంధాలు బాగా వస్తాయన్నాడు. నా వంతు వచ్చినప్పుడు, "ప్రజలకు సేవ చేయాలని సార్" అన్నాను. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

నా పక్కన కూర్చున్న స్నేహితురాలు నవ్వలేదు. ఆమె వంతు వచ్చినప్పుడు లేచి, ఎప్పటిలాగే పెదవులు పెద్దగా కదలకుండా, "మా ఊరి నీళ్లు పరీక్ష చేసేదానికి సార్" అని కూర్చుంది.

ఆమెది పూతలపట్టు దగ్గర దిగి షేరాటోలో పోవలసిన ఒక చిన్న ఊరు. ఎమ్మెస్సీ రెండేళ్లూ హాస్టల్లో ఉండేది. నేను మా ఇంటి నుంచి కాలేజీకి నడిచిపోయేదాన్ని. నాయన గుడి ఆఫీసులో గుమాస్తా. తాతా అక్కడే చేశారు. మా ఇంట్లో ఉద్యోగమంటే పొద్దున పదింటికి పోయి సాయంత్రం అయిదింటికి వచ్చేది. "ప్రైవేటులో యాడుంటాదమ్మా నెమ్మది?" అనేవారు నాయన. నాకూ ఆ నెమ్మదే కావాలి. అంతకుమించి ఏ కోరికా నాలో లేదు. అది తప్పని అప్పుడు అనిపించలేదు, ఇప్పుడూ అనిపించడం లేదు. నేను చేసిన తప్పు వేరే.

ఆ ఏడాది దీపావళి సెలవుల్లో ఆమె నన్ను వాళ్ల ఊరు తీసుకుపోయింది. వాళ్లమ్మ గడప దాటి ఎదురొచ్చింది. మోకాళ్లు రెండూ పక్కకు వంగిపోయి, నడుస్తుంటే పడవలా ఊగేది. వయసు యాభై కూడా ఉండదు. నేను వసారాలో ఉన్న బిందెలో చెంబు ముంచబోతే గట్టిగా కేకేసింది.

"ఆ నీళ్లు తాగొద్దు బిడ్డా! అవి మాకు. నీకని క్యాను తెప్పించి పెట్టినా, ఈ నీళ్లు తాగు."

సంగటి, ఊరిబిండి పెట్టింది. నేను క్యాను నీళ్లు తాగుతూ తిన్నాను. వాళ్లిద్దరూ బిందెలో నీళ్లు తాగారు. గోడ మీద ఒక ఫోటో ఉంది, ఊరి బడిలో అయిదో తరగతి పిల్లలది. ముప్పైమంది దాకా ఉన్నారు. ఏదో తేడాగా అనిపించింది కానీ ఏమిటో తెలియలేదు.

"ఫోటో తీసేటాయన నవ్వండి నవ్వండి అని మొత్తుకున్న్యాడు మే" అంది నా స్నేహితురాలు. "ఒక్కరు కూడా నోరు తెరవలా. అందరివీ గారపళ్లే కదా. ఆయనకు తెలవక, ఏం ఊరప్పా ఇది, పిల్లోళ్లు నవ్వేది కూడా రాదు అన్న్యాడు."

అప్పుడు మళ్లీ చూశాను. ముప్పై మూసిన నోళ్లు. నవ్వొచ్చినప్పుడల్లా ఆమె నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకోవడం నేను రెండేళ్లుగా చూస్తున్నదే. సిగ్గనుకున్నాను. ఊరి బోరింగు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువని, చిన్నప్పటి నుంచి తాగితే పళ్లు, తర్వాత ఎముకలు పాడవుతాయని మేం పుస్తకంలో చదువుకున్నాం. పరీక్షలో ఆ ప్రశ్నకు నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి.

చివరి సెమిస్టరులో ఒక మందుల కంపెనీ క్యాంపస్‌కు వచ్చి ఆమెను తీసుకుంది. నన్ను తీసుకోలేదు. ఆమె పోనంది. అదే నెలలో చిత్తూరులో ఒక నీటి పరీక్షల ల్యాబులో కెమిస్టు పోస్టుకు ప్రకటన పడింది. ఒకటే పోస్టు, కాంట్రాక్టుది. జీతం కంపెనీ ఇస్తానన్న దాంట్లో సగం. ఆమె ఆ కాగితాన్ని మడిచి పుస్తకంలో పెట్టుకుని తిరిగింది. నేనూ దరఖాస్తు చేశాను. కాంట్రాక్టయినా గవర్నమెంటుదే కదా అన్నారు నాయన. రాతపరీక్షలో ఇద్దరం గట్టెక్కాం. ఇంటర్వ్యూకు కలిసే బస్సెక్కాం.

ఇంటర్వ్యూ జాబితాలో నేను మూడోదాన్ని, ఆమె పదకొండోది. గదిలో ముగ్గురు ఉన్నారు. మొదట టైట్రేషన్ల గురించి అడిగారు, బాగానే చెప్పాను. తర్వాత మధ్యలో కూర్చున్న పెద్దాయన కళ్లజోడు తీసి, "మీ తోటి పిల్లలంతా కంపెనీలకు పోతున్నారు. నీకు ఈ ఉద్యోగమే ఎందుకమ్మా?" అని అడిగారు.

నేను బట్టీపట్టుకున్న జవాబు ఒకటి ఉంది, సేవ, సమాజం, అలాంటి మాటలతో. మొదటి వాక్యం అయ్యేలోపే ఆయన చూపు కాగితాల మీదికి దిగిపోయింది. పక్కాయన పెన్ను మూత పెట్టేశాడు. పోస్టు చేజారిపోతున్నది నాకు కంటికి కనిపించింది.

"మా అమ్మమ్మగారి ఊళ్లో సార్" అన్నాను, "ఒక ఫోటో ఉంది."

మా అమ్మమ్మది తిరుపతే. పుట్టింది, పోయింది గుడి నాలుగు వీధుల్లోనే. కానీ నా నోట్లోంచి ఆ ఊరు, బోరింగు, ముప్పైమంది పిల్లలు, ఫోటో తీసేటాయన మాటలు, వంగిన మోకాళ్లు, క్యాను నీళ్లు అన్నీ వచ్చేశాయి. ఆమె చెప్పిన దానికంటే బాగా చెప్పాను. ఒకచోట నాకు గొంతు కూడా పట్టింది, ఆ పట్టడం నటన కాదు. అదే నన్ను ఇప్పటికీ వేధించేది. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని నన్ను చూసి, "మంచిదమ్మా" అన్నారు.

బయటికొచ్చి బల్ల మీద కూర్చున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని "బాగా చెప్పినావా?" అని అడిగింది. తలూపాను. మా ఇద్దరి మధ్య ఉన్న ఏడుగురు లోపలికి పోయి వచ్చారు. ఆ గంటన్నరలో ఆమెకు చెప్పి ఉండొచ్చు. ఆ ఫోటో మాట ఎత్తొద్దు, నేను చెప్పేశాను అని ఒక్క ముక్క చెప్పినా ఆమె ఇంకో దారి చూసుకునేది. నేను నీళ్లు తాగొస్తానని లేచి వరండా చివరికి పోయి నిలబడ్డాను.

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. చిత్తూరు దాటింది.

"ఏమడిగినారు మే నిన్ను?" అంది.

"టైట్రేషన్లు, ప్రమాణాలు... అంతే."

"ఈ ఉద్యోగమే యాల అని అడగలా?"

"లేదు."

ఆమె కిటికీలోంచి బయటికే చూస్తూ చెప్పింది. "నన్ను అడిగినారు. ఊరు సంగతి, ఫోటో సంగతి చెప్పినా. ఒకాయన నవ్వినాడు. నీకంటే ముందు ఒకమ్మాయి ఇదే కథ చెప్పి పోయింది, అందరూ కూడబలుక్కోని వచ్చినారా అన్న్యాడు. ఇంగ నాకు మాట రాలా. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేసినా. ఆ మీట ఏమడిగినా చెయ్యి తీలేదు మే. గట్టిగా చెప్పమ్మా, వినపడలేదు అంటానే ఉండారు."

నోరు తెరిచి చూపించి ఉంటే వాళ్లు నమ్మేవారు. సాక్ష్యం ఆమె నోట్లోనే ఉంది. నేను చెప్పిన కథ వల్ల ఆమె ఆ నోరు మూసుకుంది. పూతలపట్టులో బస్సాగింది. "వస్తా మే" అని దిగిపోయింది. నేను తిరుపతి దాకా కళ్లు మూసుకుని, నిద్రపోతున్నట్టు కూర్చున్నాను. పక్క సీటు ఖాళీ, చూసేవాళ్లెవరూ లేరు, అయినా.

ఉద్యోగం నాకొచ్చింది. నాయన వీధంతా లడ్లు పంచారు. ఆమె ఫోన్ చేసి, "సంతోషం మే" అని పెట్టేసింది. మందుల కంపెనీ వాళ్లు అప్పటికే ఇంకొకరిని తీసుకున్నారు. కొన్నాళ్లకు ఆమె బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నాణ్యత చూసే కెమిస్టుగా చేరిందని విన్నాను. నేను ఫోన్ చేయడం తగ్గించాను. తర్వాత మానేశాను.

అబద్ధం ఒక్కసారి చెప్పి ఊరుకునే వీలు లేకపోయింది. ఇంటర్వ్యూలో కూర్చున్న పెద్దాయనే మా ఆఫీసుకు పైఅధికారి. ఎవరొచ్చినా "ఈ అమ్మాయి కథ వినండి" అని నన్ను పిలిచేవారు. మీటింగుల్లో చెప్పాను, మహిళా దినోత్సవంలో చెప్పాను. చెప్పే కొద్దీ కథ నున్నబడింది. ఎక్కడ ఆగితే ఎదుటివాళ్ల కళ్లు చెమ్మగిల్లుతాయో నాకు తెలిసిపోయింది. కొన్నిసార్లు అమ్మమ్మ ఊరు నిజంగానే ఉందన్నట్టు అనిపించేది.

ల్యాబుకు ఊళ్ల నుంచి నీళ్ల సీసాలు వచ్చేవి. ప్రతిదానికీ ఊరి పేరు, బోరింగు ఎక్కడుందో రాసిన చీటీ ఉండేది. పరీక్ష చేసి, తాగొచ్చు, తాగకూడదు అని రాసి సంతకం పెట్టి పంపించాలి. ఆ తర్వాత సంగతి ఇంజనీర్లది. తాగకూడదన్న బోరింగుకు ఎర్రరంగు పూయాలి, ఇంకో చోటి నుంచి నీళ్లివ్వాలి. చేరిన రెండో ఏడు ఒకరోజు చీటీ మీద ఆమె ఊరి పేరు కనిపించింది. పరీక్ష చేశాను. తాగకూడదు. సంతకం పెట్టి, ఆ కాగితాన్ని మిగతా రిపోర్టుల అడుగున పెట్టి పంపించేశాను. ఏమైందని ఇంజనీర్లను ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే ఆ ఊరంటే నీకెందుకంత అంటారని భయం. మరుసటి ఏడు మళ్లీ వచ్చింది. మళ్లీ అదే చేశాను. వేరే ఊళ్ల విషయంలో నేను అలా లేను, ఇంజనీర్ల వెంటపడి అడిగేదాన్ని. ఎవరి కథ చెప్పి ఆ కుర్చీలో కూర్చున్నానో ఆ ఒక్క ఊరికే నావల్ల ఉపయోగం లేకుండా పోయింది.

పోయిన ఏడాది మా ప్రొఫెసర్ పిలిచారు, ఇప్పటి పిల్లలకు ఉద్యోగాల గురించి నాలుగు మాటలు చెప్పమని. నేను చదువుకున్న క్లాసురూమే. ప్రొఫెసర్ నన్ను పరిచయం చేస్తూ, "సేవ చేయాలని అప్పుడే చెప్పిన పిల్ల, మేమే నవ్వాం" అన్నారు. కథ చెప్పాను. చప్పట్లు కొట్టారు. అందరూ పోయాక ఒకమ్మాయి వెనక నిలబడింది.

"మేడం, అట్లాంటి ఫోటో మా ఊళ్లో ఉండాది" అంది. "మా బడిదే. మా వీధిలో ఒక అక్క ఇంట్లో ఉండాది. మీ అమ్మమ్మోళ్లది ఏ ఊరు మేడం?"

ఊరి పేరేదో చెప్పాను, నోటికొచ్చింది. ఆ అమ్మాయి అనుమానపడలేదు. కళ్లు మెరుస్తుండగా, "నాకు సూళ్లూరుపేట తట్టు ఒక కంపెనీలో వచ్చినాది మేడం. ఈపొద్దు మీరు చెప్పింది విన్నాక వద్దనుకున్న్యా. నేను కూడా మీ మాదిరే చేస్తా" అంది. నేను ఆమె భుజం తట్టాను. అదీ చేశాను.

పది రోజులకు, మధ్యాహ్నం భోజనం వేళ, ల్యాబు గుమ్మంలో నా స్నేహితురాలు నిలబడి ఉంది. చేతిలో గుడ్డసంచి, అందులో నాలుగు నీళ్ల సీసాలు. చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చింది, గుళ్లోకి వచ్చినట్టు. ల్యాబులో ఎవరూ చెప్పులు విడవరు.

"కూర్చో" అన్నాను. స్టూలు లాగి వేశాను.

ఆమె కూర్చోలేదు. సీసాలు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. "పక్కింటి పిల్ల వచ్చి చెప్పింది. చిత్తూరులో ఒక మేడం ఉండాదక్కా, ఆమె అమ్మమ్మ ఊళ్లో కూడా మన ఫోటో మాదిరే ఉండాదంట అని."

"నేను..."

"తెలుసు మే. ఆపొద్దే తెలుసు. ఆ ఫోటో సంగతి నీకు తప్ప ఎవురికి చెప్పినా నేను?"

"మరి బస్సులో ఎందుకు అడగలేదు?"

"అడిగితే నువ్వు ఏడుస్తావు. మళ్లా నేనే నిన్ను ఊరుకోబెట్టాల. నాకు అంత ఓపిక లేదు ఆపొద్దు."

నేను నిజంగానే ఏడుస్తున్నాను. ఆమె ఊరుకోబెట్టలేదు. ఏడుపు అయిందాకా సీసాల చీటీలు సరిచేస్తూ నిలబడింది. తర్వాత, "ఉద్యోగం నువ్వు తీసుకున్న్యావు, సరే. ఎవురో ఒకరు చెయ్యాల కదా, నువ్వే చేస్తావులే అనుకుంటి. మా ఊరి నీళ్లు రెండు తూర్లు మీకాడికి వచ్చినాయి కదా. బోరింగుకు రంగు కూడా ఎయ్యలా. యాల?" అంది.

ఉన్నదున్నట్టు చెప్పాను, రిపోర్టు అడుగున పెట్టానని, భయపడ్డానని. ఇంటర్వ్యూలో నేను చేసిన దాన్ని అంత నిబ్బరంగా తీసుకున్న మనిషి అది విని బల్ల పట్టుకుని కూర్చుండిపోయింది.

"మా అమ్మ మంచంలోనే ఉండాది ఇప్పుడు" అంది.

ఆరోజే ఇంజనీర్ల దగ్గరికి పోయాను. పాత రిపోర్టులు రెండూ తీయించాను. వారానికోసారి పోయి అడిగాను. ఆ ఊరంటే నీకెందుకంత అని ఎవరూ అనలేదు. అన్నదల్లా ఒక్కటే, "మేడంకు సేవాభావం ఎక్కువ" అని. ముందు బోరింగుకు ఎర్రరంగు పడింది, తర్వాత ట్యాంకరు వచ్చింది, ఎనిమిది నెలలకు పక్క ఊరి నుంచి పైపు వేశారు. పని జరిగింది. కానీ వంగిన మోకాళ్లు పైపు వేస్తే సరికావు. నా రిపోర్టు అడుగున పడి ఉన్న ఆ రెండేళ్లలో ఆ ఊళ్లో పాలపళ్లు ఊడి కొత్త పళ్లొచ్చిన పిల్లలు ఎందరో నేను లెక్క కట్టలేదు. కట్టే ధైర్యం లేదు.

సీసాలిచ్చిన ఆరోజు ల్యాబు నుంచి పోయే ముందు ఆమె ఇంకో మాట అంది. "ఆ పిల్లకు నిజం చెప్పు. నీ మాట నమ్ముకోని వచ్చిన ఉద్యోగం వద్దంటా ఉండాది."

ప్రొఫెసర్‌ను అడిగి మళ్లీ అదే క్లాసుకు పోయాను. ఇంకోసారి మాట్లాడాలంటే ఆయన సంతోషపడ్డారు. ఆ సంతోషం నేను మొదలుపెట్టిన రెండు నిమిషాలకే పోయింది. ఆ ఊరు నాది కాదని, కథ నాది కాదని, నాకు కావలసింది నెమ్మదైన ఉద్యోగం మాత్రమేనని, ఆ ఉద్యోగం న్యాయంగా రావలసిన మనిషి వేరే ఉందని చెప్పాను. పెద్దగా ఏడవకుండానే చెప్పాను. చప్పట్లు లేవు. ఒకబ్బాయి మాత్రం, "అయితే మేడం, ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి?" అని అడిగాడు. వెటకారమో, నిజంగా అడిగాడో తెలియలేదు. ఉన్నది చెప్పమన్నాను. నెమ్మది కావాలంటే నెమ్మది కావాలనే చెప్పమన్నాను. అలా చెబితే ఉద్యోగం రాకపోవచ్చు అని కూడా చెప్పాను.

ఆ అమ్మాయి బయట వరండాలో ఎదురుపడింది. మొహం ఎర్రబడి ఉంది.

"మీరు చెప్పకుండా ఉంటే బాగుండు మేడం" అంది. "నాకు అందరూ ఒకటే అనిపిస్తా ఉండాది ఇప్పుడు. గవర్నమెంటులో ఉండేటోళ్లంతా ఇట్లే వచ్చినారా అని."

అట్లా కాదని చెప్పడానికి నేను తగిన మనిషిని కాను. ఆ నెలాఖరుకు ఆమె సూళ్లూరుపేట వైపు కంపెనీలోనే చేరింది. పిలుపు ఇంకా ఉంచారట, అదృష్టం. ముందు నా అబద్ధం ఆమెను ఇటు లాగింది, తర్వాత నా నిజం అటు తోసింది. నేను నోరు తెరవకపోతే ఆ పిల్ల ఏది ఎంచుకునేదో ఎవరికీ తెలియదు. బహుశా ఊరి నీళ్లను చూసి, ఎవరూ చెప్పకుండానే, తనకు తానుగా ఏదో ఒకటి తేల్చుకునేది.

ఈమధ్య మా ల్యాబులోనే ఇంకో కెమిస్టు పోస్టు మంజూరైంది. ప్రకటన పడిన రోజు బంగారుపాళ్యం పోయాను. మామిడికాయల కాలం, రోడ్డు పొడవునా తోతాపురి లోడు ట్రాక్టర్లు నిలిచి ఉన్నాయి. ఫ్యాక్టరీ గేటు దగ్గర అరగంట నిలబడితే ఆమె తెల్లకోటుతో బయటికొచ్చింది. కోటు జేబు మీద పసుపుపచ్చ గుజ్జు మరక. కాగితం ఆమె చేతికిచ్చాను. నిలబడే మొత్తం చదివి తిరిగిచ్చేసింది.

"వద్దు మే."

"వయసుంది ఇంకా. రాతపరీక్ష నీకు లెక్కే కాదు. ఈసారి నేనే..."

"నువ్వేం చెయ్యొద్దు" అంది. కోపంగా కాదు. "ఈడ నా కింద పదిమంది ఆడపిల్లోళ్లు పని నేర్చుకుంటా ఉండారు. చుట్టుపక్కల పల్లెల నీళ్లు ఆదివారం పూట ఈ ల్యాబులోనే చూస్తా, ఓనరు ఏమీ అనడు. గవర్నమెంటు అయితేనే చెయ్యగలము అనుకుంటి ఒకప్పుడు. ఇప్పుడు ఆ ఆశ లేదు. పోయిందో, వద్దనుకున్న్యానో నాకే తెలీదు."

నాకు తెలుసుకోవాలని ఉంది. ఆ ఆశ ఆమె దగ్గర దానంతటదే అరిగిపోయిందా, ఆరోజు ఇంటర్వ్యూ గదిలో నేను లాక్కున్నానా? అడిగితే చెబుతుందేమో. కానీ నేను చేయలేదని చెప్పించుకోవడానికే అడుగుతున్నానని ఆమెకు తెలిసిపోతుంది. అందుకే అడగలేదు.

షిఫ్టు గంట మోగింది. ఆమె లోపలికి పోబోతూ ఆగి, గేటు కాపలా గదిలో నుంచి ఒక గోనెసంచి తెప్పించింది. అందులో తొమ్మిది సీసాలు, ఒక్కోదానికి గుండ్రటి అక్షరాలతో చీటీ.

"ఇవి ఈడ చూసేసినా. కానీ నా రిపోర్టుకు విలువ లేదు, మీ సంతకం ఉండాల. ఎప్పుడిస్తావు?"

"రేపు సాయంత్రానికి" అన్నాను.

"రేపు ఫోన్ చేస్తా" అని లోపలికి పోయింది. నేను సంచి ఎత్తుకుని బస్టాండు వైపు నడిచాను. బరువుగానే ఉంది, ఆటో పిలిచాను.